కబురు రాని బోటు

సంధ్యారాణి ఏం ఉద్యోగం చేస్తుందని పల్లెపాలెంలో ఎవరిని అడిగినా, "తెనాల్లో కూర్చుని కంప్యూటర్లో ఉత్తుత్తి బోట్లు తోలుద్ది" అని చెబుతారు. వెక్కిరింపుగా అన్న మాటే గానీ అందులో అబద్ధం లేదు. అదే సంగతి వాళ్ళ ఆఫీసులో అడిగితే పావుగంట సేపు చెప్పి, విన్నవాణ్ణి ఇంకా ఎక్కువ అయోమయంలో వదిలిపెడతారు.

పల్లెపాలెం రేపల్లెకు దక్షిణాన, సముద్రపు పాయ ఒడ్డున ఉంది. ఇరవై రెండు బోట్లు, నూట పాతిక గడప. సంధ్యారాణి అక్కడే పుట్టింది, వలల మధ్య పెరిగింది. రేపల్లెలో ఇంటర్, బాపట్లలో ఇంజనీరింగ్ చదివింది. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. తెనాలిలో కృష్ణకాంత్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీలో పని. మొత్తం పదకొండు మంది, మేడ మీద రెండు గదులు, కింద స్వీట్ల కొట్టు. వారమంతా అక్కడే అద్దెగదిలో ఉంటుంది. శనివారం సాయంత్రం రేపల్లె పాసింజరు ఎక్కి, అక్కణ్ణుంచి ఆటోలో ఇల్లు చేరుతుంది. మితంగా మాట్లాడుతుంది. టీ మాత్రం మితం లేకుండా తాగుతుంది.

కంపెనీ చేసిన యాప్ పేరు "ఒడ్డు". పాలెంలోని బోట్ల సంఘం వాళ్ళు అడిగితే చేశారు. ప్రతి బోటులోనూ టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి బిగించారు. అది గంటకోసారి తానెక్కడుందో ఉపగ్రహం ద్వారా సర్వరుకు చెబుతుంది. సర్వరు ఆ మాటను ఒడ్డున ఉన్నవాళ్ళ ఫోన్లకు చేరుస్తుంది. ఫోను తెరిస్తే బోటు పేరు, పక్కన ఒక మాట కనిపిస్తుంది: "వేటలో ఉంది", లేకపోతే "తిరిగి వస్తోంది", లేకపోతే "ఒడ్డుకు చేరింది". ప్రమాదం వస్తే నొక్కడానికి పెట్టె మీద ఎర్ర మీట ఉంది. అది నొక్కితే పాలెంలోని ఇరవై రెండు బోట్ల వాళ్ళ ఫోన్లూ ఒక్కసారిగా మోగుతాయి.

ఫోనులో కనిపించే ఆ తెరను తయారుచేయడం, పరీక్షించడం సంధ్యారాణి పని. ప్రతిసారీ నిజం బోటును సముద్రం మీదికి పంపి చూడలేరు కదా. అందుకని అసలు సర్వరునూ అసలు గడియారాన్నీ తీసి పక్కన పెట్టి, వాటి బదులు ఉత్తుత్తివి పెడతారు. ఆఫీసులో వాటిని "మాక్" అంటారు. ఉత్తుత్తి సర్వరు మనం నేర్పిన మాటే చెబుతుంది. ఉత్తుత్తి గడియారం మనం పెట్టిన టైమే చూపిస్తుంది. దానికి తగ్గట్టు తెర నడుచుకుంటే పరీక్షకు పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు. ఉద్యోగంలో చేరిన రోజున కృష్ణకాంత్ ఆమెకు ఈ సంగతిని అచ్చమైన తెనాలి పద్ధతిలో చెప్పాడు. ఆయనది పెద్ద మాగాణి ఉన్న రైతు కుటుంబం, తాతకు మాత్రం పద్యనాటకాల పిచ్చి.

"రిహార్సల్స్‌కి శకుని వేషం కట్టే ఆయన రాలేదనుకోమ్మా. దుర్యోధనుడు ఖాళీగా కూర్చుంటాడా? హార్మోనియం ఆయన శకుని మాటలు అందిస్తాడు, దుర్యోధనుడు తన పద్యం ఎత్తుకుంటాడు. మన మాక్ కూడా అంతే. కాకపోతే ఒకటుంది. అందించేవాడు ఎప్పుడూ సరిగ్గానే అందిస్తాడు. స్టేజీ మీద అసలు శకుని మాట మర్చిపోయి నిలబడిపోతే ఏం చెయ్యాలో మాత్రం రిహార్సల్లో తెలియదు. దాన్ని మనమే గుర్తుపెట్టుకుని చూసుకోవాలి."

సంధ్యారాణి ఆ మాట విన్నది, నోటుపుస్తకంలో రాసుకుంది కూడా. రాసుకున్నవన్నీ ఒంటబడితే ఈ కథ చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆమె తండ్రి వీరాస్వామి. తొమ్మిదేళ్ళ కిందట, ఆమె ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉండగా, కార్తీకమాసంలో ఒకనాడు పొద్దున ఐదూ నలభైకి చిన్న బోటు తీసుకుని ఒక్కడే వేటకు వెళ్ళాడు. పన్నెండుకల్లా వచ్చేస్తానన్నాడు. రాలేదు. బోటూ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

పాలెంలో ఒక పట్టింపు ఉంది. శవం ఒడ్డుకు రాని మనిషిని పోయాడని అనరు. "వేటలో ఉన్నాడు" అంటారు. ఎన్నేళ్ళైనా అంతే. కర్మకాండ ఉండదు, భార్య బొట్టు తీయదు. సంధ్యారాణి తల్లి పేరంటాలు నుదుట కుంకుమా చేతుల గాజులూ అలాగే ఉన్నాయి. వితంతు పింఛనుకు కాగితం పెట్టుకోమని గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చి చెబితే, పేరంటాలు ఆమెకు మజ్జిగ ఇచ్చి, "మా ఆయన వేటలో ఉన్నాడమ్మా" అని పంపేసింది. ఆ అమ్మాయి ఊరికి కొత్త. బయటికొచ్చి, "ఎప్పుడొస్తారండీ ఆయన?" అని పక్కింటావిడను అడిగిందట. ఇంకో ఊళ్ళో అయితే నవ్వుకునేవాళ్ళు. పాలెంలో ఎవరూ నవ్వలేదు.

పేరంటాలు గంపలో ఎండుచేపలు పెట్టుకుని రేపల్లె మార్కెట్టులో అమ్మి కూతురి చదువు పూర్తి చేయించింది. ఆ కూతురు ఉద్యోగంలో మొదటిసారి ఉత్తుత్తి బోటును తయారుచేసినప్పుడు దానికి ఒక పేరు కావలసి వచ్చింది. లోకంలో అందరూ టెస్ట్ బోట్ ఒకటి, టెస్ట్ బోట్ రెండు అని పెట్టుకుంటారు. ఆమె "వీరాస్వామి" అని పెట్టింది. ఉత్తుత్తి గడియారానికి ఒక తేదీ, ఒక టైము కావాలి. ఆ కార్తీకమాసపు తేదీనే పెట్టి, పొద్దున ఐదూ నలభై దగ్గర గడియారాన్ని ఆపింది.

చేబ్రోలు నుంచి రోజూ బండి మీద వచ్చే శాలేమురాజు ఆమె రాసినదాన్ని సరిచూసే సీనియరు. "ఏంటి సంధ్యా, ఎప్పటిదో డేటు పెట్టావు?" అని ఒకసారి అడిగాడు.

"ఏదో ఒకటి ఉండాలి కదండి," అంది ఆమె. అతను సరేనని వదిలేశాడు. తప్పు పట్టడానికీ ఏమీ లేదు, పరీక్షల్లో గడియారాన్ని అలా ఆపి ఉంచడం అందరూ చేసేదే.

మొత్తం అరవై మూడు పరీక్షలు రాసింది. ఎవరు ఎక్కడ ఒక అక్షరం మార్చినా అవన్నీ మళ్ళీ నడుస్తాయి. ఉత్తుత్తి సర్వరు "వీరాస్వామి బోటు వేటలో ఉంది" అంటుంది, తెర అలాగే చూపిస్తుంది. "ఒడ్డుకు చేరింది" అంటుంది, తెర అలాగే చూపిస్తుంది. రోజుకు ముప్పై సార్లు వీరాస్వామి వేటకు వెళ్ళేవాడు, ముప్పై సార్లు క్షేమంగా తిరిగి వచ్చేవాడు. ఆ పచ్చ గుర్తులు వరసగా పడుతుంటే సంధ్యారాణికి హాయిగా ఉండేది. అది తప్పని ఎవరనగలరు?

తప్పు ఇంకోచోట ఉంది. ఆ అరవై మూడింటిలో సర్వరు నోరు మెదపని పరీక్ష ఒక్కటీ లేదు. కబురు రాకుండా గంటలు గడిచిన పరీక్ష ఒక్కటీ లేదు. గడియారం ఐదూ నలభై దాటితేగా గంటలు గడవడానికి! కబురు రానప్పుడు తెర ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కనుక, ఆఖరుసారి విన్న మాటనే పట్టుకుని కూర్చునేది. బోటు మాట్లాడకపోతే వేటలో ఉన్నట్టే. ఇంకో ఇంట్లో పుట్టిన పిల్ల అయితే ఈ పొరపాటు చేసేది కాదేమో. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం తింటున్న పిల్లకు మాత్రం అది పొరపాటుగా తోచనే లేదు.

మొన్న మార్గశిరంలో ఒక మంగళవారం, పేరంటాలు తమ్ముడు నాని బోటు వేటకు వెళ్ళింది. నాని, కొండయ్య, ఇంకో ఇద్దరు. సాయంత్రానికి తిరిగి రావాలి. పదకొండు గంటలప్పుడు వల ఇంజను ఫ్యానుకు చుట్టుకుంది. కొండయ్య కత్తి తీసుకుని నీళ్ళలోకి దిగి కోస్తుండగా ఫ్యాను ఒక్కసారి విదిలించి తిరిగింది. తొడ తెగింది. అదే కుదుపుకు అడుగున పగులు వచ్చి నీళ్ళెక్కాయి, పెట్టెకు కరెంటిచ్చే బ్యాటరీ మునిగింది. పెట్టె మూగబోయింది. ఎర్ర మీటను నాని ఎన్నిసార్లు నొక్కాడో లెక్కలేదు.

ఒడ్డున నాని భార్య మస్తానమ్మ సాయంత్రం ఆరింటికి ఫోను చూసింది. "వేటలో ఉంది." చేపలు బాగా పడుతున్నట్టున్నాయి అనుకుని వండిన కూర మీద మూత పెట్టింది. బుధవారం పొద్దున చూసింది. "వేటలో ఉంది." పక్కింటి పున్నయ్యకు అనుమానం వచ్చింది.

"రెండో రోజొచ్చింది కదమ్మా. రెండు బోట్లేసుకుని ఎల్లి చూసొద్దామా?" అన్నాడు.

"ఎందుకు బాబాయ్, ఇదిగో చూపిస్తంది కదా. మన సంధ్య చేసింది ఇది. అబద్ధం చెప్పుద్దా?" అంది మస్తానమ్మ.

గురువారం పొద్దున బాపట్ల వైపు బోటు ఒకటి, సూర్యలంక తీరానికి చాలా దూరాన, కొట్టుకుపోతున్న నాని బోటును చూసి లాక్కొచ్చింది. ముగ్గురు బతికారు. కొండయ్య బుధవారం సాయంత్రమే ప్రాణం విడిచాడు.

సంధ్యారాణికి తెనాలిలో ఫోను వచ్చింది. దొరికిన రైలెక్కి బాపట్ల ఆసుపత్రికి వెళ్ళింది. నానికి సెలైన్ పెట్టారు. పెదాలు పగిలి మాట్లాడలేకుండా ఉన్నాడు. వరండాలో గోడకానుకుని మస్తానమ్మ కూర్చుంది. డాక్టరు ఎవరికో చెబుతున్న మాట సంధ్యారాణి చెవిన పడింది. నెత్తురు పోయి చనిపోయాడు, మంగళవారం సాయంత్రం తెచ్చినా బతికేవాడు.

మస్తానమ్మ తలెత్తి మేనకోడలిని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నువ్వు చేసిందని నమ్మానే సంధ్యా," అంది. "పున్నయ్య బాబాయ్ ఎల్తానంటే నేనే వద్దన్నాను. నీ ఫోను చూపించి వద్దన్నాను."

సంధ్యారాణి అత్త పక్కన నేల మీద కూర్చుండిపోయింది. తన తప్పేమిటో ఇంకా పూర్తిగా తెలియదు గానీ, తప్పు తనదేనని మాత్రం తెలిసిపోయింది. ఆ రోజంతా ఆమెకు ఏడుపు రాలేదు. అంత భయం వేసింది.

శుక్రవారం ఆఫీసులో కృష్ణకాంత్ తలుపేసి మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు.

"బ్యాటరీ తడిసింది సంధ్యా. పెట్టె పని చెయ్యలేదు. అది మన చేతిలో లేదు కదా. సంఘం వాళ్ళకి అదే చెబుదాం."

"బ్యాటరీ తడవడం మన చేతిలో లేదండి. పెట్టె మాట్లాడట్లేదని చెప్పకపోవడం మన తప్పేనండి. రెండు రోజులు వేటలో ఉందని చూపించింది మన తెర."

"మొదటి రోజున శకుని సంగతి నీకు చెప్పింది నేనే. చెప్పానే గానీ, చూశావా అని మళ్ళీ అడగలేదు," అన్నాడు కృష్ణకాంత్. తర్వాత, "మళ్ళీ బోట్లు ఎప్పుడు కదులుతాయి?" అని అడిగాడు.

"రేపు కొండయ్య చిన్నదినమండి. అంతవరకూ పాలెంలో ఎవరూ వేటకెళ్ళరు. ఆదివారం తెల్లారేసరికి అన్నీ వెళ్తాయి."

"అంటే రేపటిలోగా అయిపోవాలి."

"అవ్వాలండి."

శాలేమురాజు ఆమె పక్కన కుర్చీ వేసుకుని అరవై మూడు పరీక్షలూ ఒక్కొక్కటే చదివాడు. గంట పట్టింది. "సర్వరు మాట్లాడని టెస్టు లేదు. టైము కదిలే టెస్టు కూడా లేదు," అన్నాడు మెల్లగా. "నేను చూసి పచ్చజెండా ఊపాను సంధ్యా. నీ ఒక్కదాని తప్పు కాదిది."

కావలసిన పరీక్ష ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఉత్తుత్తి సర్వరును మూగదాన్ని చేయాలి. ఉత్తుత్తి గడియారాన్ని ముందుకు జరపాలి. అప్పుడు తెర ఏం చెప్పాలో, ఎవరికి కబురు పెట్టాలో రాయాలి. ముందు పరీక్ష, ఆ తర్వాత దానికి సరిపోయేలా తెర. చెయ్యి తిరిగినవాళ్ళకు గంట పని. సంధ్యారాణి బోటు పేరు దగ్గర "వీరాస్వామి" అని కొట్టి ఆగిపోయింది. గడియారం దగ్గర వేలు కదల్లేదు. టీ తాగింది. మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం దాటింది, సాయంత్రం అయింది. తెర ఏం చెప్పాలి? ఆమె దగ్గర ఉన్న మాట ఒక్కటే, వేటలో ఉంది.

శాలేమురాజుకు అప్పటికి పేరు సంగతి అర్థమైంది. "వేరే పేరు పెట్టి నేను రాసేస్తాలే," అన్నాడు.

"వద్దండి. మిగతా అరవై మూడూ ఆ పేరు మీదే ఉన్నాయి. మంచి కబుర్లన్నీ ఆయనకిచ్చి, ఇదొక్కటీ ఇంకెవరి మీదో రాయలేనండి," అంది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని స్టేషనుకు వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున కొండయ్య ఇంటికి వెళ్ళింది. వచ్చినవాళ్ళంతా బయట చాపల మీద కూర్చున్నారు. సంధ్యారాణి లోపలికి వెళ్ళి కొండయ్య భార్య ఎదురుగా నిలబడి, దాచుకోకుండా చెప్పింది. ఫోను తప్పు చెప్పిందని, ఆ తప్పు తాను చేసిందేనని.

కొండయ్య భార్య విన్నది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "పెట్టె చేసిందో నువ్వు చేశావో నాకేం తెలుసమ్మా. ఆయన్ని తెచ్చిస్తావా?" అంది. "రేపు నా తమ్ముడు ఎల్తాడు. ఇంకో బోటు మీద. వద్దన్నా ఆగడు," అంది.

మధ్యాహ్నం సంధ్యారాణి ఇంటి వసారాలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. కొంచెం అవతల పేరంటాలు చాప మీద ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. కూతురు తెర వంక చూస్తూ ఊరికే కూర్చోవడం ఆమె గమనిస్తూనే ఉంది.

"అమ్మా," అంది సంధ్యారాణి. "నాన్న రాలేదని నీకు ఎప్పుడు తెలిసింది?"

తొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు.

"మర్నాడు మజ్జానం అందరికీ చెప్పానుగా."

"అందరికీ చెప్పింది కాదమ్మా. నీకు తెలిసింది."

పేరంటాలు చేతులు ఆగిపోయాయి.

"నాలుగింటికి," అంది. "పన్నెండింటికి వస్తానన్నాడని అన్నం వార్చాను. రెండింటికి కూర మళ్ళీ వేడి చేశాను. మూడింటికి గట్టెక్కి చూశాను. నాలుగింటికి తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. మీ నాని మావయ్య అప్పుడే వేట నుంచొచ్చాడు. బోటు ఒడ్డునే ఉంది, ఇంజను వేడి కూడా చల్లారలేదు. ఒక్క మాట చెబితే చాలు, అట్నుంచటే ఎల్లేవాడు. చెప్పలేదు."

"ఎందుకమ్మా?"

"చెబితే నిజమైపోద్దని. నేను నోరిప్పనంతసేపూ ఆయన వేటలో ఉన్నట్టే కదా అని. మర్నాడు మజ్జానం దాకా అట్టాగే కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. అప్పుడెల్లారు. ఏం దొరుకుద్ది?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన్ని సముద్రం తీసుకెళ్ళిందో, నేను మింగిన మాట తీసుకెళ్ళిందో నాకిప్పటికీ తెలవదు సంధ్యా. ఎవరితోనూ అనలేదు. నీతో అసలే అనలేదు."

సంధ్యారాణి లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

"నేనూ అదే చేశానమ్మా. బోటు మాట్లాడకపోతే వేటలో ఉందనే రాశాను. అందుకే కొండయ్య పోయాడు."

పేరంటాలు కూతురి ముఖంలోకి చూసింది. "ఏదీ, చూపించు," అంది.

సంధ్యారాణి లాప్‌టాప్ చాప మీదికి తెచ్చింది. పేరంటాలు ఐదో తరగతి దాకా చదువుకుంది. తెర మీద ఇంగ్లీషు మధ్యలో తెలుగు అక్షరాలను వేలితో చూపిస్తూ కూడబలుక్కుంది. "వీ... రా... స్వామి. మీ నాన్న పేరు పెట్టావా?" అంది. తర్వాత తేదీ, టైము చూసింది. అవి ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇందులో టైము ఎప్పుడూ ఇంతేనా? కదలదా?"

"కదలదు. నేను కదపలేదమ్మా."

"కదుపు," అంది పేరంటాలు.

సంధ్యారాణి గడియారాన్ని ముందుకు జరిపింది. పన్నెండింటికి బోటు ఆఖరుసారి మాట్లాడినట్టు రాసింది. అక్కణ్ణుంచి సర్వరును మూగదాన్ని చేసింది.

"ఎన్ని గంటలు ఊరుకుంటాది?" అడిగింది తల్లి.

"ఆరు అనుకుంటున్నా. ఊరికే కంగారు పెట్టకూడదని."

"పన్నెండింటి నుంచి ఆరంటే చీకటి పడుద్ది. ఎతికేవాళ్ళకి ఎలుతురు ఉండాల. నాలుగింటికి చెప్పించు."

"నాలుగు గంటలమ్మా. సరే. తెర మీద ఏమని రాయను?"

పేరంటాలు ఆలోచించింది. "పోయాడని రాయమాక. ఉన్నాడని కూడా రాయమాక. కబురు లేదని రాయి. అందులో అబద్ధం లేదు."

ఆ తర్వాతి వరస సంధ్యారాణి తనంతట తానే రాసింది. కబురు లేదన్న మాట ఇంట్లోవాళ్ళకు మాత్రం చెప్పి ఊరుకోకూడదు. ఎవరూ నోరు తెరిచి అడగకుండానే ఇరవై రెండు బోట్ల వాళ్ళ ఫోన్లూ మోగాలి. ఉత్తుత్తి ఫోన్లు ఇరవై రెండు పెట్టి, అన్నీ మోగాయో లేదో పరీక్ష లెక్క చూసుకునేట్టు చేసింది. నడిపితే ఎర్ర గుర్తు పడింది. తెర ఇంకా పాత మాటే చెబుతోంది మరి. తెనాలిలో ఆఫీసులో ఒక్కడే కూర్చున్న శాలేమురాజుకు ఫోను చేసింది. ఇద్దరూ కలిసి తెరను మార్చారు. గంటన్నర పట్టింది. పేరంటాలు నెత్తళ్ళ చాప ముట్టుకోలేదు. కూతురి పక్కనుంచి కదల్లేదు.

ఈసారి పచ్చ గుర్తు పడింది. కింద ఒక వరస వచ్చింది. వీరాస్వామి బోటు: నాలుగు గంటలుగా కబురు లేదు. మోగిన ఫోన్లు: ఇరవై రెండు.

"వచ్చేసింది. నేను చూశాను," అన్నాడు ఫోనులో శాలేమురాజు. "అరవై నాలుగూ పచ్చే. చీకటి పడేలోగా అందరి ఫోన్లలోకీ పంపిస్తాను." "అమ్మగారు పక్కనున్నారా? ఇద్దరూ ఉండండి అక్కడే," అని పెట్టేశాడు.

పేరంటాలు ఆ వరసను రెండుసార్లు కూడబలుక్కుని చదివింది.

"అంటే అందరికీ తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

"నాలుగింటికే?"

"నాలుగింటికే."

"నాని ఫోను కూడా మోగిందా?"

"మోగింది."

పేరంటాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ వినని ఏడుపు బయటికొచ్చింది. సంధ్యారాణి తల్లిని పట్టుకుంది. తనకూ అప్పుడే ఏడుపొచ్చింది. కొండయ్యకూ తండ్రికీ కలిపి ఏడ్చింది.

చాలాసేపటికి పేరంటాలు కళ్ళు తుడుచుకుని తెర వైపు తిరిగింది. "బోటు వచ్చుద్దా మరి?" అని అడిగింది.

"అది ఇందులో లేదమ్మా. చెప్పాల్సినవాళ్ళకి చెప్పామా లేదా, అంతవరకే ఉంది."

పేరంటాలు తలూపింది. "చాలు," అంది. "ఇంకోసారి ఆడించు."

సంధ్యారాణి మళ్ళీ నొక్కింది. గడియారం పన్నెండు నుంచి నాలుగుకు జరిగింది. ఇరవై రెండు ఫోన్లూ మోగాయి.